ఆంగ్ల హౌసా పదనిర్మాణములు: ఒక పరిశీలనము

ఆంగ్ల హౌసా భాషలలోని పదనిర్మాణమును పోల్చువారు తరచుగా చేయు నిర్ణయ మొకటి కలదు: ఆంగ్లము ప్రత్యయమును పదాంతమున చేర్చును, హౌసా పదాదిని చేర్చును. ఇది అచ్చుపుటను చూచి చేసిన నిర్ణయమే గాని, మాటను విని చేసినది కాదని మా అభిప్రాయము.

ఉత్తర నైజీరియాలోను, నైజరు దేశములోను విస్తారముగ వ్యవహారమున నున్న హౌసా, ఆఫ్రో-ఆసియా కుటుంబమున చాడిక శాఖకు చెందినది. ఉచ్చారణస్థాయి హెచ్చుతగ్గులచే అర్థము మారు భాష. అందు 'నోమా' యనగా సేద్యము చేయుట, చేయువాడు 'మనోమీ'. 'బూడే' యనగా తెరచుట; తెరచు సాధనము, అనగా తాళపుచెవి, 'మబూడీ'. 'కరంతా' యనగా చదువుట. చదువుచోటు, అనగా బడి, 'మకరంతా'. కర్త, కరణము, అధికరణము, మూడింటికిని మొదట నున్నది 'మ' యే. సంస్కృతమున ల్యుట్ ప్రత్యయము కరణాధికరణముల రెంటను వచ్చుట నెరిగిన మనకు ఇది వింత కాదు. కాని హౌసాలో ఆ మూడర్థములను వేరుచేయునది 'మ' కాదు. కర్త్రర్థమున ఆద్యంతాక్షరములు హెచ్చుస్థాయిని, నడిమివి తగ్గుస్థాయిని పలుకును. తక్కిన రెంట అన్నియు హెచ్చుస్థాయియే. కరణమునకు తుది 'ఈ', అధికరణమునకు 'ఆ'. కావున ప్రత్యయము ఆదిని, అంతమున, స్థాయియందును వ్యాపించి యున్నది.

నిదర్శనము: చదువువాడు 'మకరంచీ', వాని బహువచనము 'మకరంతా'. బడికిని చదువరులకును అక్షరములొక్కటే! భేదము స్థాయియందే కలదు. రోమను లిపిలో హౌసాను వ్రాయు సామాన్య పద్ధతి దీనిని చూపదు. 1934లో వెలువడిన బార్జరీ నిఘంటువు, 2000లో వెలువడిన పాల్ న్యూమన్ వ్యాకరణము స్థాయిని గుర్తించియే యున్నవి. వానిని విప్పక పోలికకు దిగుట క్షమార్హము కాదు.

ఆంగ్లమును గూర్చిన సగము నిర్ణయమును అసమగ్రమే. 'ఫార్మర్' అను కర్తకును 'ఓపెనర్' అను సాధనమునకును ప్రత్యయ మొక్కటే, స్థలమునకు 'బేకరీ' వంటివి వేరు, ఇంతవరకు సరియే. 'పర్మిట్', 'ఇంపోర్ట్' మున్నగువానిలో మాత్రము ఊనిక మొదటి అక్షరముపై పడిన నామము, రెండవదానిపై పడిన క్రియ. ఇచ్చటను అచ్చు మౌనమే వహించును. అయితే ఆంగ్లమున ఇది కొన్ని మాటలకు పరిమితము, హౌసాలో నియతము.

ఎరువుమాటల సంగతి మరింత రుచికరము. 'డ్రైవర్' హౌసాలో 'దిరేబా' యైనది. ఆంగ్లప్రత్యయ మందు కరగిపోయినది, ఎవరికిని తోచదు. దానికి బహువచనము 'దిరేబోబీ', పదాంతప్రత్యయముతోనే! హౌసా పదాదినే ప్రత్యయమును చేర్చుననువారు దీని కేమందురో? బండి నడుపుటకు 'తూకా' అను సొంత ధాతువును, దానిపై 'మతూకీ' అను కర్తృరూపమును ఆ భాషకు లేకపోలేదు. రెండును నేడు వాడుకలో నున్నవి.