ఫోన్‌ను సాక్షిగా నిలబెట్టే విద్య

హైదరాబాద్‌లోని చిల్కానగర్‌కు ఉస్మానియా విశ్వవిద్యాలయ క్యాంపస్ దగ్గరే. అక్కడ న్యాయశాస్త్రంలో పీజీ అయిన ఎల్ఎల్ఎం రెండేళ్లు, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఏడాది. ఆ చదువులో టెక్నాలజీ చట్టాలను ఎంచుకుని పట్టు సాధించేవాళ్లను మెచ్చుకోవాల్సిందే.

భూతగాదాలో దస్తావేజు ఉంటుంది, సంతకం ఉంటుంది. ఆన్‌లైన్ మోసంలో మిగిలేది ఫోన్‌లోని నాలుగు మెసేజ్‌లే. వాటిని కోర్టులో నిలబెట్టడమే వీళ్ల పనితనం.

2005 నాటి సయ్యద్ ఆసిఫుద్దీన్ కేసునే తీసుకోండి. ఒక కంపెనీ హ్యాండ్‌సెట్లను మరో కంపెనీ నెట్‌వర్క్‌పై పనిచేసేలా మార్చారన్నది ఆరోపణ. సెల్‌ఫోన్ కూడా కంప్యూటరేనని, దాని గుర్తింపు సంఖ్య అయిన ఈఎస్ఎన్‌ను మార్చితే ఐటీ చట్టం 65వ సెక్షన్ వర్తిస్తుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలియనివారు అలాంటి కేసు వాదించలేరు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. మొదటి భాగం దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. అందులో ఫైల్‌కు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాలు, అంకెల వరస. ఫైల్‌లో ఒక్క కామా మారినా వరస మారిపోతుంది. ఆ వరసను సరిచూసుకునే ఓపికే ఈ వృత్తికి ప్రాణం.

ఆన్‌లైన్‌లో మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మెసేజ్‌లు మాత్రం చెరిపేయకండి. అవి లేకపోతే ఎంత చదివిన వకీలైనా చేయగలిగేది తక్కువే.