నిర్దోషి బందీకి పరిహారం: లా కమిషన్ 277వ నివేదికపై ఒక విమర్శ

విడుదల కబురు వచ్చిన తర్వాత కూడా చెరసాల వదలి రావటానికి ఒప్పుకోని ఒక ఖైదీ వృత్తాంతాన్ని దివ్య ఖుర్ఆన్ వినిపిస్తుంది. రాజు పిలిపించినప్పుడు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) దూతను వెనక్కి పంపి, చేతులు కోసుకున్న ఆ స్త్రీల సంగతి ముందుగా విచారించమన్నారు. విచారణ జరిగింది. అజీజ్ భార్య తన తప్పు ఒప్పుకున్నది. విడుదల కావటం వేరు, నిర్దోషిగా లోకం ముందు నిలబడటం వేరు అని యూసుఫ్ సూరా మనకు బోధిస్తున్నది.

మన దేశంలో ఈ ప్రశ్న చాలా కాలంగా నలుగుతున్నది. బీహారుకు చెందిన రుదుల్ సాహ్‌ను సెషన్సు కోర్టు 1968 జూన్‌లో నిర్దోషిగా ప్రకటించింది. జైలు నుండి ఆయన బయటపడింది 1982 అక్టోబరులో! 1983లో సుప్రీంకోర్టు, అంతకు ముందు ముట్టిన 5,000కు తోడు మరి 30,000 రూపాయలు ఇప్పించింది. పద్నాలుగేళ్ళ జీవితానికి ఏడాదికి రెండున్నర వేలు! అయినా ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే పరిహారం ఇప్పించవచ్చునన్న దారి ఆ తీర్పుతో ఏర్పడింది. కాని దారి చట్టం కాదు. కోర్టు దయ తలిస్తే ఉన్నది, లేకుంటే లేదు.

ఈ లోటు తీర్చటానికి ఢిల్లీ హైకోర్టు సూచన మేరకు లా కమిషన్ 2018 ఆగస్టులో 277వ నివేదిక సమర్పించింది. ప్రత్యేక కోర్టులు ఏర్పరచాలని, డబ్బుతో పాటు మానసిక చికిత్స, వృత్తి శిక్షణ వంటి సహాయం కూడా అందించాలని అందులో సిఫారసు చేసింది. ఇది మెచ్చుకోదగినదే.

అయితే నివేదిక పునాదిలోనే ఒక లోపమున్నది. అన్యాయమైన నిర్బంధం, అన్యాయమైన శిక్ష, అన్యాయమైన ప్రాసిక్యూషన్ అనే మూడు కొలబద్దలను పరిశీలించి కమిషన్ మూడవదానినే ఎన్నుకున్నది. అంటే, పోలీసులో ప్రాసిక్యూటరో దురుద్దేశంతో లేదా సద్భావం లేకుండా కేసు నడిపితేనే పరిహారం. పొరపాటున పట్టుకుంటే? బందీ కోల్పోయిన సంవత్సరాలకు లెక్క లేదు!

షరీఅత్ దృష్టి ఇది కాదు. మక్కా విజయానంతరం, హిజ్రీ 8లో, హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) బనూ జజీమా తెగ వద్దకు వెళ్ళారు. వారు ఇస్లాం స్వీకరించామని చెప్పటానికి వాడిన మాట వేరుగా అర్థమైంది. కొందరు బందీలయ్యారు, కొందరు హతులయ్యారు. మహాప్రవక్త (స) ఆ చర్యతో తనకు సంబంధం లేదని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. హజ్రత్ అలీ (రజి)ని ధనమిచ్చి పంపగా, ఆయన ప్రాణాలకు దియత్ చెల్లించి, కుక్క నీళ్ళు తాగే పాత్ర దాకా నష్టం లెక్కగట్టి ఇచ్చారు. మిగిలిన సొమ్ము కూడా, తెలియకుండా జరిగిన నష్టమేదైనా ఉంటుందేమోనని, వారికే వదిలివచ్చారు.

ఆ సంఘటన హత్యలకు సంబంధించినది, చెరకు కాదు, నిజమే. కాని సూత్రం ఒక్కటే. ఖాలిద్ (రజి) దురుద్దేశం రుజువు చేయమని ఆ తెగను ఎవరూ అడగలేదు. ఆయనను సేనాధిపత్యం నుండి తొలగించనూ లేదు. అధికారి నేరం ఒక లెక్క, రాజ్యం తీర్చవలసిన ఋణం మరొక లెక్క. ఈ రెండింటినీ కలిపివేయటమే నివేదికలోని పొరపాటు.

కేసు వీగిన ప్రతివారికీ డబ్బిస్తే పోలీసులు పనిచేయగలరా అని అడగవచ్చు. ప్రతివారికీ అని మనమూ అనటం లేదు. ఆధారమే లేదని కోర్టు తేల్చినచోట ఇవ్వమంటున్నాము. అధికారిని శిక్షించటానికి దురుద్దేశం చూడండి. బాధితునికి చెల్లించటానికి నష్టం చూడండి.

చట్టం లేకపోతే ఏమవుతుందో హైదరాబాదు చూసింది. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుబడి విడుదలైన యువకులకు రాష్ట్ర ప్రభుత్వం 2012లో పరిహారంతో పాటు సత్ప్రవర్తన పత్రాలిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని రద్దుచేసింది. అక్షరధామ్ కేసులో 2014లో సుప్రీంకోర్టే నిర్దోషులని విడిచిపెట్టిన వారికి, 2016లో అదే కోర్టులో పరిహారం దొరకలేదు.

2024 జూలైలో కొత్త నేర విచారణ సంహిత అమలులోకి వచ్చింది. 277వ నివేదిక కోరిన ఏర్పాటు అందులో లేదు. తగిన కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయించినవాడు చెల్లించవలసిన పరిహారం గరిష్ఠంగా వెయ్యి రూపాయలే! మన ఉలమా, న్యాయవాదులు కలిసి కూర్చుని, నష్టమే కొలబద్దగా ఒక ముసాయిదా తయారుచేయటం అవసరం. అది ముస్లిముల కోసం మాత్రమే కాదు. రుదుల్ సాహ్ వంటివారు ఏ మతంలో లేరు?