తొత్తోచాన్ వాళ్లమ్మ దాచిన మాట

తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన 'తొత్తోచాన్' (1981) తెలుగులోకి వచ్చినప్పటి నుంచీ దాన్ని టీచర్ల పుస్తకంగానే చదువుతున్నాం. నేను విన్న సభల్లో ఎప్పుడు ఆ ప్రస్తావన వచ్చినా టోక్యోలోని తొమోయె బడి, పాత రైలుపెట్టెల్లో క్లాసులు, హెడ్మాస్టర్ కొబయాషి ఓర్పు, ఇవే మాటలు. ఆయన గొప్పవాడే. కొత్తగా వచ్చిన పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు కూర్చుని విన్న మనిషిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఆ పిల్లని ఆ గదిదాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన వాళ్లమ్మ గురించి మనం ఎందుకు మాట్లాడం?

అసలు కథ మొదలయ్యేదే అమ్మ దాచిన మాటతో. ఒకటో క్లాసులోనే తొత్తోచాన్‌ని బడిలోంచి తీసేశారు. డెస్కు మూత అస్తమానం తెరిచి మూస్తుందని, కిటికీ దగ్గర నిలబడి వీధి వాయిద్యాల వాళ్లని పిలుస్తుందని, పిట్టలతో మాట్లాడుతుందని టీచరమ్మ ఫిర్యాదు. తల్లి అన్నీ విని ఇంటికొచ్చింది. పిల్లని కొట్టలేదు, తిట్టలేదు, నీవల్ల నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నానని అనలేదు. కొత్త బడికి వెళ్దామా అని అడిగిందంతే. జరిగిందేమిటో కూతురికి ఇరవయ్యేళ్లు దాటాకే చెప్పింది. పిల్లల్ని పెంచిన ఎవరికైనా తెలుసు, అలాంటి మాట రోజుకి ఎన్నిసార్లు నాలిక చివరిదాకా వస్తుందో! అమ్మ ప్రేమ అనగానే మన సాహిత్యం కన్నీళ్లూ పస్తులూ ముందేసుకుంటుంది. ఇక్కడున్నది ఒక మాట అనకుండా ఉండటం, అదీ అన్నేళ్లపాటు.

ముళ్లకంచెల కింద దూరి గౌను చింపుకొచ్చిన పిల్ల, ఎవరో వీపు మీదకి కత్తి విసిరారని చెబుతుంది. వీపు మీద గీత కూడా లేదు. అబద్ధమని తల్లికి తెలిసిపోతుంది. అయినా నిలదియ్యదు. గౌను చిరిగినందుకు సంజాయిషీ చెప్పాలని పిల్లకి అనిపించిందే, అని లోలోపల కదిలిపోతుంది.

వేసవి సెలవుల్లో ఇంకో అబద్ధం. పోలియో వచ్చిన స్నేహితుడు యసువాకి ఇంటికి వెళ్తున్నానని చెప్పి బడికి వెళుతుంది. తన చెట్టు ఎక్కమని అతన్ని పిలిచింది మరి. నిచ్చెన ఈడ్చుకొచ్చి, లాగి, తోసి, చెమటలు కారుతుండగా అతన్ని కొమ్మ మీదకి చేరుస్తుంది. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఇందులో హెడ్మాస్టరూ లేడు, అమ్మా లేదు. కూతురు అబద్ధం చెప్పి వెళ్లగలిగేంత చోటు ఆ ఇంట్లో ఉంది.

నా పేచీ రచయిత్రితోనే. కొబయాషి ఏ ఆలోచనతో ఏ పని చేశాడో ఆమె ఓపిగ్గా విడమర్చి చెబుతుంది. జడ పట్టుకుని లాగిన అబ్బాయిని ఆయన మందలిస్తే, ఇళ్లలో మగపిల్లలకే ముందు వడ్డిస్తారు కదా అని తొత్తోచాన్ ఆశ్చర్యపోయిన సంగతి కూడా రాస్తుంది. అంత పరిశీలన ఉన్న కలం తల్లి దగ్గరకొచ్చేసరికి ఆమెని 'అమ్మ'గానే వదిలేస్తుంది. బడి నుంచి వచ్చిన ఆ రోజు ఆమె ఎవరితో చెప్పుకుంది? రాత్రి నిద్రపట్టిందా?

ఒక మాట మరిచిపోకూడదు. భర్త వాద్యబృందంలో వయొలినిస్టు, ఆ ఊళ్లోనే ఇంకో ప్రైవేటు బడి దొరికింది, కాబట్టి ఆమె దాచగలిగింది. మన దగ్గర ఫీజు బకాయి కోసమో మార్కుల కోసమో కూలి మానుకుని బడి ఆఫీసులో నిలబడే తల్లికి ఆ వీలేదీ? ఆమె అనిపించుకునే ప్రతి మాటా పక్కన నిలబడ్డ బిడ్డ వింటూనే ఉంటుంది.

ఆ తల్లికి పేరుంది. చో కురొయనాగి. కూతురి పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1982లో, తన జీవితం తనే రాసుకుంది. 1987లో జపాన్ టీవీలో అది ధారావాహికగా వచ్చింది. యుద్ధానికి వెళ్లిన భర్త సైబీరియా నిర్బంధం నుంచి తిరిగొచ్చేదాకా, అవొమోరి ప్రాంతంలో సరుకులు మోసుకుని తిరిగి అమ్మి పిల్లల్ని సాకిన మనిషి ఆమె. తొమోయె 1945 బాంబుదాడుల్లో కాలిపోయింది. కూతురి మొదటి పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. తల్లి పడ్డ ఆ పాట్లు కూతురి కలంలోంచి రెండో భాగంగా వచ్చింది 2023లో, ఆమెకి తొంభై ఏళ్లు వచ్చాక. రెండో భాగం సంగతి తర్వాత. ముందుగా తెలుగులో చదవాలని నాకున్నది తల్లి రాసిన పుస్తకమే.