నవ్వు ఎవరి పక్షం?

హాస్యానికి పక్షం ఉండదనేవారు జపాన్ రచయిత షిగెసాతో ఇతోయి రూపొందించిన వీడియో ఆట ‘మదర్ 3’ను పరిశీలించాలి. 1994 నాటి ‘మదర్ 2’ తరువాయిగా 2006లో వెలువడిన ఈ ఆటలో పోరాటం అష్టాచెమ్మాలోలా వంతులవారీగా సాగుతుంది.

సగం జంతువు, సగం యంత్రమైన వింత ప్రాణులు మొదట నవ్విస్తాయి. ఒక సాధుజంతువును అలా మార్చిన ఫలితంగానే కథానాయకుడి తల్లి బలైందని తెలిసేసరికి మన నవ్వు మనకే గుచ్చుకుంటుంది. డబ్బు ఎరుగని టాజ్మిలీ గ్రామంలోకి ఒక వ్యాపారి ‘ఆనందపు పెట్టె’లతో ప్రవేశిస్తాడు. వెనకే డబ్బు, రైలు, కర్మాగారం వస్తాయి. పెట్టె వద్దన్న ఇళ్లమీద పిడుగులు పడతాయి! వ్యాపార సంస్కృతిపై ఇది పదునైన వ్యంగ్యం.

అయితే రచయిత దృక్పథం ఇక్కడే తడబడింది. ఇంత విధ్వంసానికీ మూలం పోర్కీ అనే చెడిపోయిన పిల్లవాడి చేష్టలని తేల్చాడు. వ్యక్తి దొరికాడు, వ్యవస్థ తప్పించుకుంది. కాజీపేట–విజయవాడ రైలుమార్గం మీది బోనకల్‌లో బతికే నాకు రైలే కీడంటే మింగుడుపడదు. కూలీలను వలసకు మోసుకుపోయిన రైలే పుస్తకాలనూ మోసుకొచ్చింది. ఆ రైలు ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్నను ఇతోయి వేయలేదు.

ఈ లోపం చిన్నది కాదు. అయినా, నవ్విస్తూనే నవ్వినవాణ్ణి నిలదీసే ఈ పద్ధతిని మన హాస్యరచయితలు శ్రద్ధగా గమనించాలి.