కాజాల నుంచి మొదలు

జాకెట్టు తయారయ్యే వరుస కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. ముందు కొలతలు, తర్వాత కటింగు, ఆపైన కుట్టు, చివర్లో హెమ్మింగూ హుక్కులూ. కానీ పాతకాలం దర్జీ దగ్గర పనికి చేరిన కుర్రాడికి పని ఆ వరుసలో వచ్చేది కాదు. ముందు కాజాలు, బొత్తాలు, హెమ్మింగు. కత్తెర చేతికి రావడం ఎప్పటికో. మేస్త్రీ తన చాకిరీ వాడి నెత్తిన రుద్దుతున్నాడని బయటివాళ్లు అనుకునేవారు. కొంత అదీ నిజమే. అయితే జీన్ లేవ్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1970లలో లైబీరియా రాజధాని మన్రోవియాలో దర్జీల దగ్గర ఏళ్ల తరబడి పరిశీలించి, అక్కడా ఇదే తలకిందుల వరుస నడుస్తోందని గమనించారు. అక్కడ కూడా నేర్చుకునేవాడు పూర్తయిన బట్టకు తుదిమెరుగులు దిద్దడంతో మొదలుపెడతాడు, తర్వాత కుట్టు, అన్నిటికన్నా ఆఖర్న కటింగు.

ఇందులో లెక్క ఉంది. హెమ్మింగు వంకర పోతే విప్పి మళ్లీ వేసుకోవచ్చు, కటింగు తప్పితే గుడ్డే పోతుంది. పైగా రోజూ పూర్తయిన జాకెట్లు చేతిలో తిరుగుతుంటే ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో, డాట్లు ఎందుకో కన్ను ముందే పట్టేస్తుంది. కత్తెర పట్టే రోజుకి వాడికి తెలియాల్సింది సగం తెలిసిపోయి ఉంటుంది. చేసే వరుస ఒకటి, నేర్చుకునే వరుస ఇంకొకటి. ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసేవాళ్లు ఈమధ్య శిక్షణ తీసుకుని మరీ నేర్చుకుంటున్న ‘ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్’లో, అంటే పాఠాన్ని రూపకల్పన చేసే విద్యలో, నాకు అన్నిటికన్నా విలువగా తోచే సంగతి ఇదే.

ఇది ఎక్కడ అక్కరకొస్తుందో ఒక ఊరిని పెట్టుకుని చూద్దాం. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి మీద వెంకటాచలం వస్తుంది. 2001లో మొదలైన స్వర్ణభారత్ ట్రస్టు ఇక్కడిదే. పల్లెల్లోని యువతకు, ఆడవాళ్లకు చేతిపనుల్లో, ఉపాధి పనుల్లో శిక్షణ ఇచ్చే సంస్థ అది. ఈ మండలంలోని చవటపాలేనికి చెందిన వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతిగా ఉండగా, 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయుల కోసం దీక్షా అనే డిజిటల్ వేదికను ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే పాఠం తెరుచుకునే ఏర్పాటు ఆ వేదికదే. అంటే చేతితో నేర్పే చదువూ, తెర మీద నేర్పే చదువూ రెండూ ఈ ఊరి చుట్టుపక్కల పేర్లతోనే ముడిపడి ఉన్నాయి. ఈ రెంటినీ కలపబోయిన చోటే చిక్కు మొదలవుతుంది.

ఇలాంటి ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థ టైలరింగు కోర్సును ఆన్‌లైన్‌లో పెట్టదలచిందనుకుందాం. మొదట ఎవరైనా చేసే పని ఒకటే: టీచరమ్మ ఎదుట కెమెరా పెట్టి, క్లాసులో చెప్పేదంతా చెప్పించడం. కుట్టుపని గొప్పదనం, మిషను భాగాలు, దారాల రకాలు, గుడ్డల రకాలు అన్నీ అయ్యేసరికి ముప్పావుగంట. కత్తెర ఇంకా బయటికి రాదు. అప్పటికి ఎంతమంది మిగులుతారు? ఫిలిప్ గువో అనే పరిశోధకుడి బృందం 2014లో ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల వీడియోలను 69 లక్షల వీక్షణల ఆధారంగా పరిశీలించింది. వీడియో ఎంత పొడుగున్నా జనం మనసుపెట్టి చూసేది సుమారు ఆరు నిమిషాలేనని తేలింది. హార్వర్డ్, ఎంఐటీలు ఎడ్ఎక్స్‌లో పెట్టిన కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో పూర్తిచేసింది 3.13 శాతం. అంత పేరున్న సంస్థలకే అలా ఉంటే వెంకటాచలంలో అప్పుచేసి ఫోను కొనుక్కున్న అమ్మాయిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అనే ఈ విద్య పుట్టింది బడిలో కాదు, ఎక్కువగా సైన్యంలో. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమందికి తక్కువ కాలంలో పని నేర్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అమెరికా సైన్యపు వైమానిక విభాగంలో మనస్తత్వవేత్తగా పనిచేసిన రాబర్ట్ గాన్యే, నేర్చుకోవడానికి కావలసిన పరిస్థితుల మీద 1965లో పుస్తకం రాశారు. 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యానికి ఒక పద్ధతి తయారుచేసి ఇచ్చింది. దాన్నుంచి వచ్చిన విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే అయిదు మెట్లను, ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలు కలిపి, ఆడీ (ADDIE) అంటారు. శిక్షణల్లో ఈ అయిదింటి పటాన్ని స్లైడు మీద వేసి గంటలకొద్దీ చెబుతారు. నన్నడిగితే ఆ పటం దగ్గర పది నిమిషాలు చాలు. పట్టు చిక్కేది అసలు పాఠం మీద కూర్చున్నప్పుడే.

మొదటి పట్టు లక్ష్యం రాయడం. రాబర్ట్ మేగర్ 1962లోనే చెప్పాడు: పాఠం అయ్యాక నేర్చుకున్నవారు ఏం చేయగలరో, అది పక్కవాడి కంటికి కనబడేలా రాయాలి. ‘జాకెట్టు కటింగుపై అవగాహన పొందుతారు’ అని రాస్తే పాఠంలో ఏదైనా పెట్టుకోవచ్చు, దేన్నీ తీసెయ్యక్కర్లేదు. ‘ఆది జాకెట్టు చూసి కొలతలు రాసుకుని, న్యూస్‌పేపరు మీద ముందుభాగం గీసి కత్తిరించగలరు’ అని రాస్తే దారాల రకాలు వాటంతట అవే బయటికి పోతాయి. కాగితం మీద కాబట్టి కటింగు ముందే పెట్టినా, తప్పితే గుడ్డ పోదు. రెండో పట్టు, పరీక్షను పాఠం కన్నా ముందే తయారుచేయడం. కత్తిరించిన కాగితాన్ని ఆది జాకెట్టు మీద పరిచి చంక వంపు సరిపోయిందా లేదా చూడడమే పరీక్ష అనుకుంటే, ఆ వంపు దగ్గరికి చేర్చే దారి మాత్రమే పాఠం. ఇంతవరకూ వచ్చాక టీచరమ్మలు నొచ్చుకుంటారు. ‘మిషను సంగతి చెప్పకుండా ఎట్టా?’ అంటారు. చెప్పాలి, కానీ మిషను ముందు కూర్చున్న రోజు, బాబిన్ చిక్కుపడ్డప్పుడు. అప్పుడు రెండు నిమిషాల్లో తలకెక్కుతుంది.

చేయి తిరిగినవాళ్లకు తమకు తెలిసింది కనబడదు. ఇరవయ్యేళ్లుగా కత్తెర పట్టిన మనిషి కుట్టుకు వదలాల్సిన గుడ్డ గురించి నోటితో చెప్పదు, ఆమె చెయ్యే వదిలేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల గీత మీదే కత్తిరించి గుడ్డ పాడుచేస్తుంది. అందుకే డిజైన్ నేర్చుకున్న బృందంలో ఒకరు కుట్టు రాని మనిషై ఉండాలి. ఆమె అడిగే మొద్దు ప్రశ్నలన్నీ రాసుకుంటే పాఠానికి సగం స్క్రిప్టు చేతికొచ్చినట్టే.

తెర విషయంలో కొన్ని ఖచ్చితమైన సంగతులున్నాయి. జాన్ స్వెల్లర్ 1988 నుంచి చెబుతూ వచ్చింది, మనసు ఒకేసారి మోయగలిగేది చాలా కొంచెమని. రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో తేలినదాన్ని బట్టి, బొమ్మ చూపిస్తూ మాటతో చెబుతున్నప్పుడు అవే మాటలు తెర మీద కూడా అచ్చువేస్తే నేర్చుకోవడం తగ్గుతుంది. ఇక కెమెరా ఎదురుగా కాక టీచరు భుజం మీదుగా ఉండాలి. ఎదురుగా ఉంటే ఆమె కుడిచెయ్యి చూసేవారికి ఎడమవైపు పడుతుంది, కత్తెర తిరిగే దిక్కు మారిపోతుంది.

వీడియోను మధ్యలో ఆపి ప్రశ్న అడగడం ఇంకా ముఖ్యం. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో విద్యార్థులకు ఒక పాఠం చదివించారు. మళ్లీ చదివినవారికి వారం తర్వాత 42 శాతం గుర్తుంది. మళ్లీ చదవకుండా గుర్తుచేసుకుని రాసినవారికి 56 శాతం. తమాషా ఏమిటంటే అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వీడియో చూడగానే ‘వచ్చేసింది’ అనిపించడం వెనక ఉన్న మోసం అదే.

ఇవన్నీ బయటినుంచి వచ్చిన సంగతులని అనుకోనక్కర్లేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. క్లాసుకు రాలేని మనిషి ఒంటరిగా చదువుకునేలా పాఠం రాయడం అక్కడి పని. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో రామా, పద్మనాభరావు దంపతులు 1980ల చివరి నుంచి చేసింది ఇంకా ఆశ్చర్యం. ఒకే టీచరు, ఒకే గది, అన్ని వయసుల పిల్లలూ ఉన్న పల్లె బడి కోసం పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్నచిన్న కార్డులు చేశారు. ఆ కార్డుల వరుసను నిచ్చెనగా గోడమీద పెట్టారు. పిల్ల తానెక్కడుందో తనే చూసుకుని తన కార్డు తీసుకుంటుంది. ప్రతి మజిలీలో పరిచయం, సాధన, పరీక్ష ఉంటాయి. తడబడితే సరిదిద్దే కార్డులు, తొందరగా అయిపోతే అదనపు కార్డులు వేరే. ఆ పద్ధతే కర్ణాటకలో నలికలిగా, తమిళనాడులో మరో పేరుతో వేల బడులకు పాకింది. కరెంటు అక్కర్లేని ఆన్‌లైన్ కోర్సు అని దాన్ని నేను ఊరికే అనడం లేదు. ఎవరి వేగం వారిది. ఈనాటి యాప్‌లు కోట్లు ఖర్చుపెట్టి చేస్తున్నదీ అంతే. రిషివ్యాలీవాళ్లు ఆ కార్డులను బడిలో పెట్టి చూసి, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో గమనించి మార్చుకుంటూ వచ్చారు. చాలా సంస్థలు మానేసేది సరిగ్గా ఈ పనే. వీడియో ఎక్కించాక వెనక్కి తిరిగి చూడరు.

వెనక్కి చూడడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. కోర్సు తీసుకునే ముగ్గురు నలుగుర్ని ఫోను ఇచ్చి కూర్చోబెట్టి, బృందం నోరు మూసుకుని పక్కన కూర్చుంటే చాలు. ఎక్కడ వెనక్కి తిప్పి చూశారు, ఎక్కడ పక్కవాళ్లను అడిగారు, ఎక్కడ ఫోను పక్కన పెట్టారు అనేవి మూడూ రాసుకోవాలి. నోటితో చెప్పవలసి వచ్చిన ప్రతిదీ పాఠంలో లేనిదన్నమాట.

తెరకు అందనిది కూడా ఉంది. మిషనులో దారం బిగువు చేతికి తెలియాలి, జారే గుడ్డను ఎంత లాగి పట్టాలో పక్కనున్న మనిషి వేలు పట్టి చూపాలి. కాబట్టి కటింగు వరకూ ఫోనులో, కుట్టు శనివారాల్లో సెంటర్లో అని విడగొట్టుకోవడమే తెలివి. కాగితం కటింగును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే చంక వంపు మీద గుర్తుపెట్టి తిరిగి పంపే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి. దాతలు వీడియోలకు డబ్బులు ఇస్తారు, ఈ జీతానికి మాత్రం వెనకాడతారు. శిక్షణ పొందిన బృందం తన బడ్జెట్టులో మొదట రాయవలసిన పద్దు అది.