మన చిత్రసమీక్షకులు

తెలుగు చలనచిత్రమేదైనను విడుదలయగు దినమున మధ్యాహ్నము కాకమునుపే దానిపై తీర్పు సిద్ధమగుచున్నది. అమెరికాలో ముందుగ ప్రదర్శింపబడు ఆటలను చూచినవారి మాటలు ఇచ్చట తెల్లవారుసరికే వచ్చి చేరును. పట్టణములలో తొలియాట ముగియుటయే తడవు సమీక్షలు వెలువడును. ప్రతిసమీక్షకును తుదిని ఒక అంకె యుండును. అయిదింటికి 2.75 అని యొకరు, 3.25 అని వేరొకరు. బాలుర పరీక్షాపత్రములను ఇరువదియేండ్లుగా దిద్దుచున్న మాకు పావుమార్కునందు ఇంతటి నిశ్చయబుద్ధి నేటికిని కలుగలేదు. కొడవటిగంటి కుటుంబరావుగారు సినిమాలను గూర్చి వ్రాసిన వ్యాసములు ఇప్పటికిని చదువదగియుండుటకు హేతువు, వారు తీర్పునకంటె కారణమునకు ఎక్కువ తావిచ్చుటయే యని మా యభిప్రాయము.

ఈ తీర్పులవలన తాము నష్టపోవుచున్నామని నిర్మాతలు మొరపెట్టుచున్నారు. చిత్రము విడుదలయైన మూడుదినములవరకు సమీక్షలను నిలుపవలెనని తమిళ నిర్మాతల మండలి యొకటి 2024లో మద్రాసు ఉన్నతన్యాయస్థానము నాశ్రయించెను. న్యాయస్థానము తాత్కాలికముగనైనను అట్టి నిషేధమునకు సమ్మతింపలేదు. అది మంచిపనియే. నోరుకట్టినంతమాత్రమున విమర్శ బాగుపడదు. మా ఫిర్యాదు నిర్మాతల ఫిర్యాదునకు తలక్రిందులైనది. సమీక్షకులు ప్రశ్నించుచున్నారని వారు నొచ్చుకొనుచున్నారు. ప్రశ్నింపవలసినచోట ప్రశ్నింపకున్నారని మేము చెప్పుచున్నాము. ఒక్కొక్క తరగతి చిత్రమునకు ఒక్కొక్క మినహాయింపు నిచ్చి, ఆ మినహాయింపు ఎంతవరకు చెల్లునో వారు విచారించుట లేదు. హాస్యచిత్రమనిన తర్క మక్కరలేదు. మాస్ చిత్రమనిన మర్యాద యక్కరలేదు. భయానకమనిన వివేక మక్కరలేదు. వీరగాథయనిన చరిత్ర యక్కరలేదు.

మినహాయింపే కూడదని మేమనుట లేదు. ఇప్పటివారు జానరు అనుచున్న విభాగము మనకు క్రొత్తది కాదు. భరతముని రూపకములను పదిగా విభజించెను. నాటకమునకు ప్రఖ్యాతమైన వస్తువు కావలెను. ప్రకరణమునకు కల్పితము చాలును. భాణమున పాత్ర యొక్కడే. ప్రహసనమును చూచి గాంభీర్యము లేదని వగచువాడు రసికుడు కాడు. కావుననే 2021లో వచ్చిన 'జాతిరత్నాలు' చిత్రమును సమీక్షకులు తర్కపుత్రాసున తూపక విడిచిరి, సరిగానే విడిచిరి. జోగిపేట యువకులు మువ్వురు పట్టణమునకు పోయి నేరములో చిక్కుకొనిన యా కథలో, తుదిని వచ్చు న్యాయస్థానదృశ్యము ఏ న్యాయశాస్త్రమునకును లోబడదు. లోబడిన నవ్వు రాదు. భారతకథను క్రీస్తుశకము 2898తో ముడివేసిన 'కల్కి' (2024) చిత్రమును చూచి, అది సంభవమా యని యడుగుటయు నిరర్థకమే. ఈ మినహాయింపు కథానిర్మాణమునకు సంబంధించినది. ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని నడపించు తీరునకు సైతము దీనిని వర్తింపజేయుటయే మాకు సమ్మతము కాదు.

దీనికి మంచి నిదర్శన మొకటి కలదు. 2017లో సందీప్ రెడ్డి వంగా తీసిన 'అర్జున్ రెడ్డి'ని మన సమీక్షకులలో అధికసంఖ్యాకులు క్రొత్తదనమనియు సాహసమనియు కొనియాడిరి. ఆ దర్శకుడే ఆ కథనే 2019లో 'కబీర్ సింగ్' అను పేర హిందీలో తీయగా, అచ్చటి సమీక్షకులలో పెక్కురు, అందును ఇంగ్లీషున వ్రాయువారు, స్త్రీని తృణీకరించు చిత్రమని తీవ్రముగ నిందించిరి. రెండింటను కథ యొక్కటే. వైద్యకళాశాలలో పెద్దతరగతివాడు క్రొత్తగ చేరిన యువతిని చూచి, ఆమె యిష్టానిష్టముల నడుగకయే, ఆమె తనదని తోడివారికి చాటించును, అడుగకయే ముద్దిడును. వేరొకచోట కత్తిచూపి ఒక స్త్రీని బట్టలు విప్పుమని బెదరించును. ఈ రెండేండ్లలో కథ మారలేదు. చూచు కన్ను మారినది. నడుమ 2018లో మనదేశమున స్త్రీలనేకులు తాము పడిన అవమానములను పేర్లతోసహా బహిరంగముగ చెప్పుకొనిరి. ఆ తరువాత కొన్నిటిని చూడనట్లు నటించుట సమీక్షకునకు కష్టమైనది.

తెలుగు సమీక్షకులు గ్రుడ్డివారనియు, హిందీ చిత్రమును నిందించినవారే దృష్టిగలవారనియు మేము చెప్పుట లేదు. మనవారు మెచ్చిన గుణములు 'అర్జున్ రెడ్డి'లో నిజముగనే కలవు. ఆ సంభాషణలు మన యిండ్లలో విన్నట్టివి. విజయ్ దేవరకొండ నటన కృత్రిమము కాదు. త్రాగి శస్త్రచికిత్స చేసితినని నాయకుడు విచారణ యెదుట ఒప్పుకొను ఘట్టము మిక్కిలి బలమైనది. పాత్ర దోషియైనంతమాత్రమున చిత్రము దోషి కాదని వారు చేసిన వాదము సైతము న్యాయమైనదే. రావణుని వర్ణించిన కవి రాక్షసుడు కాడుగదా! కాని అచ్చటనే అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలినది. త్రాగుడు విషయమున ఈ నాయకునిచే తప్పు నొప్పించిన చిత్రము, ఆ యువతి విషయమున ఏమి యొప్పించినది? ఏమియు లేదు. ఆమె మనస్సేమో మనకు తెలియకమునుపే ప్రేమకథ సగము నడచినది. తుదకు అతడు ఇసుమంతయు మారకయే ఆమె అతనికి బహుమానముగ లభించినది. 2017నాటి మెప్పులలో మేము చదివినవానిలో ఈ ప్రశ్న లేదు. 2019నాటి నిందలలో ప్రశ్న కలదుగాని, చిత్రమున నున్న బలమేదియో గుర్తింపబడలేదు. రెండును కలిసినగాని విమర్శ కాదు.

స్త్రీ సమ్మతి యను మాట పాశ్చాత్యులయొద్ద అరువు తెచ్చుకొన్నదని ఎగతాళి చేయువారు కొందరు కలరు. వారు సాహిత్యదర్పణమును తిరుగవేసి చూడవలెను. ఇరువురియందును సమానముగ లేని అనురాగమును విశ్వనాథుడు శృంగారరసమనక రసాభాసమని నిరూపించెను. ఒక్కరి వలపు, అది యెంత తీవ్రమైనను, ఆయన లెక్కలో శృంగారము కాదు. ఇది పదునాలుగవ శతాబ్దినాటి మాట. అయితే, నిజము దాచనేల? ఆ పట్టికయందే అధమపాత్రగతమైన ప్రేమయు ఆభాసమేయని ఆయన చెప్పియున్నాడు. దానిని మేము నిస్సంకోచముగ త్రోసిపుచ్చుచున్నాము. శేఖర్ కమ్ముల తీసిన 'లవ్ స్టోరీ' (2021)లో నాయకుడు దళితకుటుంబమున పుట్టినవాడు. ఇరువురకు నిష్టమైన ఆ ప్రేమకంటె నిజమైన శృంగారము అగ్రకులనాయకుని బలాత్కారమున కలదని యే ఆలంకారికుడు చెప్పినను మేము వినము. మొదటి లక్షణమును నిలుపుకొని రెండవదానిని విడుచుట ఆచార్యద్రోహము కాదు.

సుకుమార్ తీసిన 'పుష్ప' (2021) ఇంకను చిక్కైనది. తండ్రి యింటిపేరు చెప్పుకొన వీలులేని కూలివాడు చిత్తూరు మాండలికమున లోకమునకు బదులు చెప్పుట తెలుగుతెరపై సామాన్యవిషయము కాదు. ఆ పాత్రకు అల్లు అర్జున్‌కు 2023లో జాతీయపురస్కారము ప్రకటింపబడెను. తెలుగు నటునకు ఉత్తమనటుడని ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. కాని ఆ కూలివాడే ధనమిచ్చి ఒక యువతి చిరునవ్వును, ముద్దును కొనజూచును. ఇంటిపేరు లేదని అవమానింపబడినవాడు మరియొకరి యిష్టమునకు వెలకట్టుచున్నాడే యను వైరుధ్యము సమీక్షలో పట్టుకొనదగినది. మాస్ చిత్రమున ఇట్టివి మామూలేయని పెక్కురు దాటిపోయిరి. బండిలో నాయకుడు ఆమెపై చేయివేయు దృశ్య మొకటి ప్రేక్షకులకు రోత పుట్టింపగా, వారి యాక్షేపణవలన విడుదలయైన కొలదిదినములకే నిర్మాతలు దానిని తీసివేసిరి. నేలతరగతి ప్రేక్షకుడు ఏదైనను సహించునని వ్రాయువారు ఈ సంగతిని గమనింపవలెను.

భయానకచిత్రముల మాటకు వత్తము. 'విరూపాక్ష' (2023)ను ధ్వనికి, ఉత్కంఠకు, కథ నడకకు సమీక్షకులు మెచ్చిరి. మేమును కుర్చీ యంచున కూర్చుండియే చూచితిమి. రుద్రవనమను పల్లెలో క్షుద్రపూజలు చేసిరని దంపతులను గ్రామస్థులు సజీవముగ దహించుటతో ఆ కథ మొదలగును. బాణామతి, చేతబడి యను నెపమున నిరపరాధులను కొట్టి చంపిన ఉదంతములు తెలంగాణ పల్లెలలో కల్పనలు కావు, పత్రికలలో చదివినవే. మూక చేసిన హత్య ఊరికి చేటు తెచ్చెనని చిత్రము చూపినది, నిజమే. కాని క్షుద్రశక్తి నిజముగనే పనిచేయునని సైతము చూపినది. మొదటిది మూకను నిందించుచున్నది. రెండవది మూక భయమునకు ఆధారము కల్పించుచున్నది. ఈ రెండింటి పెనుగులాటను గూర్చి నాలుగువాక్యములు వ్రాసిన సమీక్ష మా కంటబడలేదు.

నమ్మకముపై కథ కట్టుటయే తప్పని మేము వాదింపము. అదే యేట వేణు ఎల్దండి తీసిన 'బలగం' సైతము నమ్మకముపైననే నిలిచినది. తాత చనిపోవును, పిండమును కాకి ముట్టదు, ఊరు భయపడును. పిండము, కాకి మొదలగువానియందు మాకు విశ్వాసము లేదు. ఐనను ఆ కాకికొరకు నిరీక్షించుచు, పెండ్లివిందున నల్లిబొక్క దగ్గర పుట్టిన మాటపట్టింపుతో ఏండ్లతరబడి విడిపోయిన కుటుంబము ఒక్కచోట కూర్చుండవలసివచ్చినది. ఒక చిత్రమున నమ్మకము ఇరుగుపొరుగులను అనుమానితులను చేయగా, వేరొకదానిలో ఎడమొగము పెడమొగమైనవారిని ఒక్కపంక్తిని కూర్చుండబెట్టుచున్నది. తెలంగాణ పల్లెలలో ప్రజలు వీథులలో తెరకట్టి ఈ చిత్రమును కలిసి చూచిరి; 2024లో మరణించిన మొగిలయ్యయు ఆయన భార్య కొమురమ్మయు పాడిన తుదిపాటకు కన్నీరు పెట్టనివారు అరుదు. సమీక్షకులు మంచిమాటలే వ్రాసిరిగాని, కొందరు 'కొంత నెమ్మది' యని చేర్చకుండ నుండలేకపోయిరి. చావింట కాలము మరియెట్లు నడచును? పెద్దచిత్రమునకు మర్యాద విషయముననే మినహాయింపు నిచ్చిన చేయి, చిన్నచిత్రమునకు నడకవిషయమున సైతము ఇయ్యదు.

రాజమౌళి 'ఆర్.ఆర్.ఆర్.' (2022)ను గూర్చి పరదేశముల విమర్శకులు వ్రాసినంత మరి యే తెలుగు చిత్రమును గూర్చియు వ్రాసియుండరు. చంద్రబోసు వ్రాసి కీరవాణి కూర్చిన 'నాటు నాటు'కు 2023లో ఆస్కారు వచ్చినపుడు మేమును అందరివలె సంతోషించితిమి. అల్లూరి సీతారామరాజు, కొమురం భీము ఎన్నడును కలిసికొనలేదు. కలిసినట్లు ఊహించుట కవికి చెల్లును. కాని చిత్రము తుదిని రాముడు ఏమి కావలెనని యడుగగా, భీముడు తనకును తనవారికిని చదువు కావలెనని వేడుకొనును. జల్, జంగల్, జమీన్ అను మాటలను రాముడు వ్రాసి చూపును. నీరు, అడవి, నేల తమవని చాటిన ఆ నినాదము భీము పేరనే జనమున నిలిచినది. నిజాము బలగములతో పోరి 1940లో జోడేఘాటు కొండలలో ప్రాణములు విడిచిన గోండువీరుడాయన. వ్రాతయు చదువును ఆయన మునుపే నేర్చెనని ఆయన చరిత్ర చెప్పినవారు చెప్పుదురు. ఆయన మాటను ఆయనకే మరియొకడు నేర్పినట్లు చూపుట కల్పనమాత్రము కాదు. అది ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అను వ్యవహారమున ఒక పక్షము వహించుట. ఇచ్చటను విదేశములలోను కొందరు విమర్శకులు ఈ యాక్షేపణ చేయగా, వారికి వచ్చిన సమాధానము 'ఇది చరిత్ర కాదు, కాలక్షేపము' అని. ఆదివాసి బాలుడు ఈ చిత్రమును చూచుచున్నాడని తలంచువాడు ఈ సమాధానముతో తృప్తిపడజాలడు.

తుదకు మా వృత్తికి దగ్గరిదైన చిత్ర మొకటి. నందకిశోర్ ఈమాని తీసిన '35 - చిన్న కథ కాదు' (2024) తిరుపతిలో జరుగు కథ. తనకుతానై విలువలేని సున్న, ఒకటి ప్రక్కన నిలిచి తొమ్మిదినెట్లు మించునని ఒక బాలుడు అడుగును. సమాధానము రాదు, లెక్కలు రావు, ఉపాధ్యాయుడు వానిని సున్నయని పిలుచును. ఆ యుపాధ్యాయుని కఠినత్వమును సమీక్షకులు సరిగానే నిందించి, ఆ సమీక్ష చివరనే చిత్రమునకు అంకె వేసిరి. అది యటుండనిండు. పిల్లలకు చూపదగిన చిత్రమనియు, ఓపిక కావలెననియు, 'ఫీల్‌గుడ్' అనియు వ్రాసినవారు, కథకు నడుమ నున్న తల్లిని గూర్చి చెప్పినది నివేదా థామస్ నటన బాగున్నదను మాటయే. ఆ తల్లి పదవతరగతి తప్పినది. కొడుకునకు చెప్పుటకై తాను మరల బలపము పట్టి లెక్కలు మొదటినుండి నేర్చుకొనును. వీరేశలింగంగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినది 1874లో. సరిగ్గా నూటయేబదియేండ్లకు తెలుగుతెరపై ఒక యింటియిల్లాలు కూడికలయొద్ద కూర్చుండినది. ఆమె చదువు ఎందుకు ఆగినదో, ఇన్నాళ్లు ఎవరును దానిని ఎందుకు లెక్కింపలేదో, మన యిండ్లలో అట్టివారెందరున్నారో, ఈ చిత్రమును చూచి వ్రాయదలచినవాని కెంత వ్రాత మిగిలియున్నదో చదువరులే చూడవచ్చును.