గోడ మీది గీతలు, కొండ మీది గట్లు

విహార నౌకల ప్రయాణ పుస్తకాల్లో పాసౌ, డ్యూర్న్‌స్టైన్ ఊళ్ళ బొమ్మలు చూస్తే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. డాన్యూబ్ ఒడ్డు, రాళ్ళు పరిచిన వీధి, చర్చి శిఖరం, ఆరుబయట కాఫీ బల్లలు, సాయంత్రానికి మళ్ళీ ఓడ. ఒక్కో ఊళ్ళో ఒక్కో పగలు తీరుబడిగా తిరిగాక, ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయమనిపించింది. నదితో ఊరికున్న బంధుత్వం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది.

జర్మనీ కొసన, ఆస్ట్రియా గడప మీద ఉంది పాసౌ. మూడు నదుల ఊరు. ఎదురు కొండ మీద 1219లో మొదలుపెట్టిన ఓబర్‌హౌస్ కోట నుంచి కిందికి చూడాలి. ఆల్ప్స్ మంచు కరిగి వచ్చే ఇన్ నది లేత పచ్చగా ఉంటుంది. అడవిలోని చిత్తడి నేలల్లో ఊరి వచ్చే ఇల్ట్స్ డికాక్షన్ రంగులో ఉంటుంది. ఈ రెండింటి మధ్య డాన్యూబ్. కలిశాక కూడా కొంతదూరం ఎవరి రంగు వారిదే. సగటున ఇన్ తెచ్చే నీళ్ళే ఎక్కువ, కిందికి సాగే పేరు మాత్రం డాన్యూబ్‌దే.

గైడు మమ్మల్ని నేరుగా సెయింట్ స్టీఫెన్ కెథెడ్రల్‌కి తీసుకెళ్ళింది. 1662లో ఊరు తగలబడ్డాక ఇటలీ పనివాళ్ళు బరోక్ పద్ధతిలో మళ్ళీ కట్టిన చర్చి అది. అక్కడి ఆర్గన్‌కు 17,974 గొట్టాలు. మధ్యాహ్నం పన్నెండింటి కచేరీలో మంద్రస్వరం చెవిని చేరకముందే కూర్చున్న బల్ల చెక్కలో తెలిసింది. ఆ అరగంట నాకు చాలాకాలం గుర్తుంటుంది. పాసౌ నాకు అర్థమైంది మాత్రం ఆ తర్వాత, గుంపు నుంచి విడివడి ఒడ్డునున్న టౌన్‌హాలు దగ్గరికి వచ్చినప్పుడు.

టౌన్‌హాలు బురుజు గోడ మీద వరద గీతలున్నాయి. ప్రతి గీత పక్కనా సంవత్సరం. నా మోకాలి దగ్గర కాదు, తల ఎత్తి వెతుక్కోవాల్సినంత పైన ఉన్నాయి పెద్ద వరదలు. 1954 గీత ఒకటి. దానిపైన 2013 జూన్. ఆ నెలలో డాన్యూబ్ 12.89 మీటర్లకు వచ్చింది. అంతకు మించిన వరద కోసం 1501 దాకా వెనక్కి వెళ్ళాలి. భద్రాచలంలో గోదావరిని అడుగుల్లో చెప్పుకునే మనకు ఈ గోడ కొత్త కాదు. 43 మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది, 1986లో 75.6 అని నిద్రలో లేపినా చెబుతారు అక్కడివాళ్ళు. 2013లో నీరు తీశాక పాసౌ యూనివర్సిటీ విద్యార్థులు వేలమంది పారలూ బకెట్లూ పట్టుకుని ఇళ్ళలో బురద ఎత్తారు. ఇప్పుడు అదే గోడకు రెండడుగుల దూరంలో కుర్చీలు వేసి ఐస్‌క్రీమ్ అమ్ముతున్నారు. ఎన్నిసార్లు మునిగినా నదికి వీపు తిప్పని ఊరు ఇది. ఇది చూడటానికి టికెట్ లేదు, గైడూ అక్కర్లేదు.

అక్కడికి 200 కిలోమీటర్ల పైచిలుకు దిగువన, ఆస్ట్రియాలోని వాఖౌ లోయలో డ్యూర్న్‌స్టైన్. చిన్న ఊరు, జనాభా వెయ్యికి లోపే. రేవు నుంచి చూస్తే నీలం, తెలుపు రంగుల మఠం గోపురం, దాని నెత్తిన కోట శిథిలం. మూడో క్రూసేడ్ నుంచి తిరిగొస్తూ వియన్నా దగ్గర పట్టుబడ్డ ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను డ్యూక్ ఐదవ లియోపోల్డ్ 1192లో ఇక్కడే బంధించాడు. కోటను 1645లో స్వీడన్ సేనలు పాడుచేశాయి. రాజును పాట పాడి వెతికి పట్టుకున్న గాయకుడి కథ కల్పనే, దుకాణాలు మాత్రం దాన్ని వదలవు. ఉన్నది ఒక్కటే పెద్ద వీధి. అటూ ఇటూ ఆప్రికాట్ జామ్, ఆప్రికాట్ సారా, ఆప్రికాట్ సబ్బు. మన హైదరాబాదీల ఖుబానీయే, అక్కడ 'మరిల్లె' అంటారు. రెండు ఓడల జనం ఒకేసారి దిగితే ఆ వీధిలో అడుగు పడదు. అక్కడితో వెనుదిరిగినవాళ్ళకు డ్యూర్న్‌స్టైన్ వట్టి అంగడి. చాలామంది అలాగే వెనుదిరుగుతారు. నాకు బాధ కలిగించింది అదే.

అరగంట ఎక్కితే కోట. దారిలో ద్రాక్షతోటల గట్లు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చి నిలబెట్టిన గోడలు. ఒకచోట గోడ కూలి, దాని రాళ్ళు సైజుల వారీగా కుప్పలు పోసి ఉన్నాయి. చేతితో తప్ప ఆ పని సాగదు. చెయ్యి పెట్టి చూస్తే రాయి వెచ్చగా ఉంది. పగటి వేడిని దాచుకుని రాత్రి తీగకు ఇస్తుంది. ఒక బల్లి, ఆకుపచ్చది, సందులోకి దూరింది. ఆ బల్లి పేరే, స్మరగ్డ్, ఇక్కడి మేలురకం వైన్‌కు పెట్టారు.

పైనుంచి నదిని చూశాక నా తీర్పు కాస్త కదిలింది. నదితో కలిసి బతుకుతున్నది పాసౌ అన్నాను. నిజమే. కానీ అక్కడి డాన్యూబ్ పైన కాఖ్‌లెట్ ఆనకట్టకూ, కింద యోఖెన్‌స్టైన్ ఆనకట్టకూ మధ్య బిగించిన నీరు. వాఖౌలో మాత్రం నది తన నడకతోనే పోతుంది. 1970లలో డ్యూర్న్‌స్టైన్ ఎదుటి ఒడ్డున జలవిద్యుత్ కేంద్రం కడతామంటే ఈ లోయ జనం ఎదురు తిరిగి ఆపించారు. ఆస్ట్రియాలో డాన్యూబ్ స్వేచ్ఛగా పారే చోట్లు రెండే మిగిలాయి, ఇది ఒకటి. 2000లో యునెస్కో ఈ లోయను వారసత్వ జాబితాలోకి తీసుకుంది. జనం నదిని ఆపనివ్వని సంగతి వీధిలో ఎవరూ చెప్పరు. పోలవరం వెనక నీళ్ళు పెరుగుతుంటే పాపికొండల లాంచీలో దేవీపట్నం మీదుగా వెళ్ళినవాడిగా, నాకు అది ఏ రాజు కథ కంటే పెద్ద కథ.

ఒక్క పగలే చేతిలో ఉన్నవాళ్ళకు పాసౌనే చెబుతాను. దిగినవాళ్ళందరికీ అది తన మనసు విప్పి చూపిస్తుంది. డ్యూర్న్‌స్టైన్‌కు కాళ్ళలో సత్తువ ఉండాలి, ఓడ కూత వినబడనంత దూరం పోవాలి. నదిని నదిగా చూడాలనుకున్నవాళ్ళు మాత్రం దిగువకే రావాలి. ఊరి కింద గులకరాళ్ళ ఒడ్డున చెప్పులు విప్పి నీళ్ళలో నిలబడితే, వడికి పాదాల కింది రాళ్ళు ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

సాయంత్రం క్రెమ్స్ దాటాక ఓడ నడక మారింది. ఆల్టెన్‌వోర్త్ ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళలోకి వచ్చాం. పైఅంతస్తులో రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు కిందికి చూశాను. ఒక్క సుడి కూడా లేదు.